నడిగడ్డలో అలంపూర్: గుడులు, పొలాలు, రెండు నదులు

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది అలంపూర్ దగ్గర ఒక పల్లె. దసరా వచ్చిందంటే చాలు, "ఈసారైనా మా జోగులాంబను చూసి రండి సార్" అంటాడు. మా ఆవిడ రోజూ చదువుకునే శక్తిపీఠాల శ్లోకంలో అలంపురం పేరుంది. పద్ధెనిమిదింటిలో ఇంటికి ఇంత దగ్గరగా ఉన్నదాన్నే ఇంకా చూడలేదన్నది ఆమె బాధ. నా కారణం వేరు. చాలా ఏళ్ల కిందట కర్ణాటకలో పట్టదకల్లు చూశాను. అక్కడి గళగనాథ ఆలయం లాంటివే, అంతకంటే కాస్త పాతవి, మన అలంపూర్‌లో ఉన్నాయని అప్పుడే చదివాను. హైదరాబాద్‌లో మాకు తెలిసినవాళ్లలో హంపి చూడనివాళ్లు తక్కువ, అలంపూర్ చూసినవాళ్లు ఇంకా తక్కువ. రాతి గుడి చూడాలంటే పొరుగు రాష్ట్రానికే వెళ్లాలనే అలవాటు మనకు ఎలా వచ్చిందో తెలియదు.

వాచ్‌మన్ ఒకటే షరతు పెట్టాడు. గుడి చూసి అటునుంచి అటే తిరిగి రాకూడదు, వాళ్ల తమ్ముడి చేను కూడా చూసి రావాలి. ఆ షరతు పెట్టకపోతే నేను రాయడానికి ఇందులో సగం కూడా ఉండేది కాదు.

సెప్టెంబరులో బయలుదేరాం. ఎంజీబీఎస్‌లో తెల్లవారుజామున కర్నూలు బస్సు ఎక్కాం. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు. పాలమూరు దారి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, నిద్రపోయినా నష్టం లేదు. బీచుపల్లి దగ్గర మాత్రం కళ్లు తెరవాలి. అక్కడ బస్సు కృష్ణ మీద వంతెన దాటుతుంది. వానాకాలం కావడంతో నది ఒడ్డులు ఒరుసుకుంటూ ఉంది. వంతెన దిగగానే నడిగడ్డ మొదలు. పైన కృష్ణ, కింద తుంగభద్ర, మధ్యలో ఈ నేల. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబ్‌నగర్ నుంచి దీన్ని వేరు చేసి జోగులాంబ గద్వాల అని పేరు పెట్టారు. గద్వాల అనగానే మా ఆవిడకు చీరలు గుర్తొస్తాయి. ఆ సంగతి మళ్లీ ఎప్పుడైనా అని ఎర్రవల్లి చౌరస్తా దాటేశాం, గద్వాలకు మలుపు అక్కడే.

ఎర్రవల్లి తర్వాత రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి. ఎటు చూసినా పత్తి, మధ్యమధ్య మొక్కజొన్న, మిరప. అలంపూర్ చౌరస్తాలో దిగి షేర్ ఆటో ఎక్కాం. కర్నూలు వైపు వెళ్తుంటే ఎడమ చేతి దారి అది. ఆటోలో మాతోపాటు ఇద్దరు రైతులు, రెండు యూరియా బస్తాలు. మేము హైదరాబాద్ నుంచి గుడికి వచ్చామని తెలిశాక వాళ్లు మమ్మల్ని వదిలేసి ఆర్డీఎస్ మాటల్లో పడిపోయారు. కాలువలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, మన మడికి వస్తాయా రావా అన్నదే చర్చంతా.

ఆర్డీఎస్ అంటే రాజోలిబండ మళ్లింపు పథకం. తుంగభద్ర మీద ఆనకట్ట కర్ణాటకలో రాయచూరు జిల్లాలో ఉంది. ఆయకట్టు మాత్రం దాదాపు అంతా ఇటువైపే, 87,500 ఎకరాలు. నీటి కేటాయింపు 15.9 టీఎంసీలు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. అయితే కాలువ కర్ణాటకలో నలభై కిలోమీటర్లకు పైగా నడిచి ఇక్కడికి రావాలి. ఆనకట్ట దగ్గర పూడిక, దారిలో వాడకం, ఇక్కడికి వచ్చాక పై ఆయకట్టు వాడకం, ఇవన్నీ పోగా అలంపూర్, మానవపాడు వైపు చివరి భూములకు మిగిలేది ఏళ్ల తరబడి గొడవే. ఆ కొరత తీర్చడానికే తుంగభద్ర మీదే ఉన్న సుంకేసుల బ్యారేజీ వెనుక జలాల నుంచి నీళ్లు తోడి ఇదే కాలువలో పోసేలా తుమ్మిళ్ల ఎత్తిపోతల కట్టారు, 2018లో మొదలైంది. "పైన కాలువ నీళ్లు, కింద తోడిన నీళ్లు, నడుమ మేము" అన్నాడు ఆటోలో పెద్దాయన. రెండు జీవనదుల నడుమ బతుకుతూ నీటి కోసం ఇన్ని లెక్కలు వేసుకోవలసి రావడం నాకు వింతగా తోచింది. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు.

అలంపూర్ చిన్న ఊరు. పూజా సామాను కొట్లు, ఎరువుల దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. గుడుల ప్రాంగణంలోకి వెళ్లే ముందు వరద గోడ పైకి ఎక్కి చూడమని నా సలహా. శ్రీశైలం ప్రాజెక్టు నిండితే వెనుక జలాలు ఇక్కడిదాకా తంతాయి. అందుకే ఊరికీ గుడులకీ నదికీ మధ్య ఈ అడ్డుగోడ కట్టారు. అలా గోడ పెట్టినా 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద అలంపూర్‌ను కూడా ముంచింది. ఆ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఇక్కడివాళ్లు చేతులు పైకెత్తి చూపిస్తారు. మేము వెళ్లినప్పుడు తుంగభద్ర గోడకు కాస్త దూరంలో ఎర్రగా, నిండుగా పారుతోంది. అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్.

గోడకు ఇవతల నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మే గానీ అన్నీ శివాలయాలు. బ్రహ్మ ఇక్కడ శివుని కోసం తపస్సు చేశాడని స్థలపురాణం. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. వీటిలో నిత్యపూజ జరిగేది బాలబ్రహ్మలో. మిగతావి పచ్చిక మధ్య ఎవరి గొడవ వాళ్లదన్నట్టు నిలబడి ఉంటాయి. జనం బాలబ్రహ్మ నుంచి అమ్మవారి దగ్గరికి, అక్కడి నుంచి ప్రసాదం కౌంటర్‌కు వెళ్లిపోతారు. ఈ గుడుల దగ్గర గంటల తరబడి నాకు అడ్డొచ్చినవాళ్లు ఎవరూ లేరు, ఒక మేకల కాపరి తప్ప.

వీటిని కట్టించింది బాదామి చాళుక్యులు, ఏడు ఎనిమిది శతాబ్దాల్లో. మన ప్రాంతంలో కాకతీయుల గుళ్లు చూసిన కళ్లతో వస్తే మొదట కాస్త తికమక పడతాం. ఇక్కడ మెట్లు మెట్లుగా పైకి లేచే విమానం లేదు. గర్భగుడి మీద గోపురం నిలువు గీతలతో పైకి లేచి, భుజాల దగ్గర నెమ్మదిగా లోపలికి వంగి, పైన పక్కలు తీరిన గుండ్రటి రాతితో ముగుస్తుంది. ఉసిరికాయ పోలిక ఉండటం వల్ల శిల్పులు ఆ రాతిని ఆమలకం అంటారు. ఒడిశాలో, ఉత్తరాదిలో కనిపించే రేఖానాగర పద్ధతి ఇది. దక్షిణాదిన ఇంత పాతకాలంలో, ఒకేచోట ఇన్ని కట్టడం అరుదు. పట్టదకల్లులో ఉత్తరాది, దక్షిణాది పద్ధతులు రెండూ పక్కపక్కనే ఉంటాయి, 1987లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇక్కడ నవబ్రహ్మల్లో ఒక్క తారకబ్రహ్మ మీదే దక్షిణాది పోకడ కనిపిస్తుంది.

తొమ్మిదింటినీ ఒకే శ్రద్ధతో చూడాలంటే ఒక రోజు చాలదు. నాకున్న సమయంలో మూడింటి దగ్గర ఎక్కువ సేపు ఉండిపోయాను. స్వర్గబ్రహ్మ అన్నింటికంటే అందమైనది. వినయాదిత్యుడి పాలనలో (681–696) కట్టినట్లు శాసనం ఉంది. మూలల్లో దిక్పాలకులు, గోడల గూళ్లలో లింగోద్భవ మూర్తి, త్రివిక్రముడు, దక్షిణామూర్తి. గాలీ వెలుతురూ లోపలికి రావడానికి రాతిలోనే చిల్లులు తొలిచిన జాలీ కిటికీలు. శిఖరం ముందు భాగంలో నటరాజు. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ నటరాజు చేతుల నీడలు రాతి మీద కదులుతాయి, మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. విశ్వబ్రహ్మ మెట్లు, పునాది, స్తంభాల మీద పంచతంత్రం, రామాయణ భారత కథలు. మొసలీ కోతీ ఎక్కడుందో చూపించమని ఎవరినైనా అడగాలి, వెతికి పట్టుకోవడం కష్టం. గరుడబ్రహ్మలో ఎగిరే గరుత్మంతుడి బొమ్మ ఉంది. కుమారబ్రహ్మ పైకి చాలా సాదాగా ఉంటుంది, పండితులు దాన్నే ఈ గుంపులో తొలినాటిదిగా లెక్కిస్తారు. అర్కబ్రహ్మ బాగా శిథిలమైంది.

మా ఆవిడకు ఈ లెక్కలేవీ పట్టలేదు. "ఏమండీ, అమ్మవారి గుడి మూసేస్తారట" అని రెండుసార్లు పిలిచాక కదిలాను. మధ్యాహ్నం కాసేపు దర్శనం ఆపుతారు, అది ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. పాత జోగులాంబ ఆలయం పధ్నాలుగో శతాబ్దంలో బహమనీల దాడిలో పోయిందని, అప్పటి నుంచి అమ్మవారిని బాలబ్రహ్మ ఆలయంలో ఉంచి పూజించారని ఇక్కడి చరిత్ర. పాత చోటనే కొత్త గుడి కట్టి 2005లో అమ్మవారిని తిరిగి తీసుకొచ్చారు. గుడి చుట్టూ నీటి కొలను ఉంది, ఉగ్రరూపిణి కాబట్టి చల్లదనం కోసమట. విగ్రహం జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి. మా ఆవిడ భయపడుతుందేమో అనుకున్నాను. ఆమె చాలాసేపు చూసి, "ఈ తల్లికి అబద్ధం చెప్పలేం" అని మాత్రం అంది. ప్రాంగణానికి దగ్గర్లోనే షా అలీ పహిల్వాన్ దర్గా. గుడికి వచ్చినవాళ్లలో కొందరు అక్కడా ఆగి దండం పెట్టుకుని వెళ్తున్నారు.

మ్యూజియం చిన్నదే గానీ వదలకూడదు. అందులో లజ్జాగౌరి శిల్పం, నటరాజు, మహిషాసుర మర్దిని నాకు గుర్తుండిపోయాయి. అలంపూర్ శాసనాలనూ చరిత్రనూ జీవితాంతం పట్టుకుని తిరిగిన గడియారం రామకృష్ణ శర్మ గారిది ఈ ఊరే. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు అనే సాహిత్య సంస్థ సభలను ఇక్కడ జరిపించినప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. బస్సు దిగి ఆటో పట్టుకోవలసిన ఇంత చిన్న ఊరికి ఆ రోజుల్లో అంతటి సభ తీసుకురావడం ఎంత పట్టుదల అయి ఉండాలి!

సంగమేశ్వరుడి గుడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఇంకోదానితో కలిపేస్తారు. వేసవిలో శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే వేపమొద్దు లింగమున్న సంగమేశ్వరం వేరు, అది ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇక్కడిది కూడవెల్లి సంగమేశ్వరుడు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట, కూడవెల్లి గ్రామంలో చాళుక్యుల కాలం నుంచి ఉన్న గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని పురావస్తు శాఖవారు రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, తెచ్చి అలంపూర్‌లో మళ్లీ పేర్చారు. అతుకులు వెతికినా నాకు కనిపించలేదు. అలంపూర్‌కు ఒకటి రెండు కిలోమీటర్లలో ఉన్న పాపనాశి గుడుల సంగతీ అంతే. ఇరవైకి పైగా చిన్న చిన్న ఆలయాలు, బాదామి చాళుక్యుల తర్వాతి కాలానివి, పైన మెట్ల కప్పులతో. వాటినీ ముంపు నుంచి తప్పించి మరోచోట నిలబెట్టారు. మేము వెళ్లేసరికి అక్కడ కాపలాదారు ఒక్కడే ఉన్నాడు. నాకు నవబ్రహ్మల కంటే పాపనాశి నచ్చిందంటే మా ఆవిడ నవ్వింది. శిల్పం తక్కువే, కానీ ఒక ఊరంత గుంపు ఒకేచోట మసులుతున్నట్టు ఉంటుంది.

అక్కడి నుంచి వాచ్‌మన్ తమ్ముడు బండి మీద వచ్చి దారి చూపిస్తే వాళ్ల పల్లెకు ఆటోలో వెళ్లాం. ఆ పల్లె కొత్తది. పాతది నీళ్లలో ఉంది. వాళ్ల అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. గుడులు చూశామని చెప్తే, "కూడవెల్లి గుడి చూసినారా నాయనా?" అని అడిగింది. చూశామన్నాను. "రాళ్లకు నంబర్లేసి జాగ్రత్తగా మోసుకొచ్చినారు. మాకు నంబర్లు వేయలేదు. తలుపులు, దూలాలు ఎడ్లబండి మీద మేమే వేసుకుని వచ్చినాం" అంది. ఫిర్యాదులా అనలేదు, ఉన్నమాట అంది. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. 1986లో వచ్చిన 98 జీవో ప్రకారం నిర్వాసిత కుటుంబానికి ఒక ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వాలి. ఆ వరుసలో వయసు దాటిపోయినవాళ్లు కూడా ఉన్నారని ఈ వైపు ఎవరిని అడిగినా చెప్తారు. పాత ఊరిలో వాళ్లది నదీతీరపు పొలమట. ఇప్పుడున్నది రెండెకరాల సొంతం, మిగతాది కౌలు. పెద్ద కొడుకు హైదరాబాద్‌లో మా గేటు దగ్గర ఎందుకున్నాడో ఇక నేను అడగలేదు.

తమ్ముడు వేసింది విత్తన పత్తి. దేశంలోని రైతులు ప్యాకెట్లలో కొనే హైబ్రిడ్ పత్తి విత్తనం చాలావరకు తయారయ్యే ప్రాంతాల్లో గద్వాల చుట్టుపక్కల ఒకటి. నాకు అప్పటిదాకా అది చేతితో తయారవుతుందని తెలియదు. సాయంత్రం కూలీలు ఆడ మొక్కల వరుసల్లో తిరిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను గిల్లి, లోపలి పుప్పొడి తిత్తులను తీసేస్తారు. తెల్లవారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఒక్కొక్క ఆడ పువ్వుకూ పుప్పొడి తగిలేలా రుద్దుతారు. దీన్ని అందరూ క్రాసింగ్ అంటారు. మొగ్గ తప్పిపోతే అది సొంత పుప్పొడితో కాయ కడుతుంది, కలిస్తే విత్తనం చెడిపోతుంది. పువ్వు పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి కాబట్టి కూలీ ఖర్చే అన్నింటికంటే పెద్దది. నది అవతలి మండలాల నుంచి కూడా మనుషులు వచ్చి నెలల తరబడి ఉంటారు.

"మరి కంపెనీతో మీరే మాట్లాడుకుంటారా?" అని అడిగాను.

"లేదు సార్, ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం, మందులు, ముందు డబ్బు అతనే ఇస్తాడు. పంట కంపెనీ పరీక్షలో పాసయ్యాక లెక్క చూస్తాడు."

"పాస్ కాకపోతే?"

తమ్ముడు మా ఆవిడ వైపు చూసి నవ్వాడు. "అమ్మవారికి మొక్కుకోవాలి మేడం." విత్తనం మొలక శాతం, కల్తీ పరీక్షలో తప్పితే ధర పడిపోతుంది, ముందు తీసుకున్న డబ్బు మీద వడ్డీ మాత్రం నిలిచే ఉంటుంది. పక్క చేనులో బడికి వెళ్లే వయసు పిల్ల ఒకతె మొగ్గలు గిల్లుతోంది. సెలవా అని అడిగితే తల ఊపి పని చేసుకుంటూ పోయింది. అది మంగళవారం.

వాళ్లింట్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎర్ర కారం పెట్టారు. వద్దన్నా మూడో రొట్టె వేశారు. మా ఆవిడ ముసలమ్మకు తన బ్యాగులోని గుడి ప్రసాదం ఇస్తే, "మాకు ఇక్కడే కదా తల్లీ, మీరు తీసుకుపోండి, మా పెద్దోడికి ఇవ్వండి" అని వెనక్కి ఇచ్చింది.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైనే కాబట్టి పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు, అయితే పాపనాశి, మ్యూజియం రెండూ తీరిగ్గా చూడాలంటే ఒక రాత్రి కర్నూలులో ఆగడం మేలు. అలంపూర్‌లో బస చేసే చోట్లు తక్కువ. ఎండాకాలంలో రాతి మీద చెప్పులు లేకుండా నడవడం కష్టం. వానాకాలంలో నది చూడదగ్గది గానీ పైనుంచి వరద వస్తోందని వార్తలు వింటే ఆ వారం మానుకోవాలి. మాఘంలో బ్రహ్మోత్సవాలు, దసరాకు నవరాత్రులు. ఆ రోజుల్లో అమ్మవారి దర్శనానికే సమయం సరిపోతుంది, శిల్పాలకు మిగలదు. చేల మధ్య గట్లు దిగేటప్పుడు రైతును అడిగి దిగండి, క్రాసింగ్ కాలంలో వరుసలు తొక్కితే వాళ్ల రోజు కూలీ పోయినట్టే. తిరుగు ప్రయాణానికి చౌరస్తాలో ఎదురుచూడటం కంటే అలంపూర్ నుంచి కర్నూలు వెళ్లిపోతే హైదరాబాద్ బస్సులు ఎక్కువ. మేము అలాగే చేశాం.